ప్రేమలత సైకిలుకు మూడు పంపులు

ఇస్నాపూర్,
ఫిబ్రవరి 18, బుధవారం.

చిరంజీవి మధుబాబుకు అమ్మ దీవెనలు.

నాయనా, ముందు నీ మోకాలు ఎలా ఉందో రాయి. సొరంగంలో నీళ్లల్లో నిలబడి పనిచేస్తే ఆ నొప్పి తగ్గదని పోయిన ఉత్తరంలోనే రాశాను. దానికి నువ్వు జవాబు రాయలేదు, అంటే తగ్గలేదన్నమాట. మీ గదిలో ఉండే మల్లన్నకు దగ్గు ఎలా ఉంది? రాత్రిళ్లు చెవులకు గుడ్డ కట్టుకోమని చెప్పు. వంట చేసే ఆ బెంగాలీ పెద్దాయనకు కంటి ఆపరేషను అయిందా? అయ్యేదాకా పప్పులో ఏం పడుతున్నదో మీరే చూసుకుని తినండి. మీ ఇంజనీరు గారి భార్యకు నెలలు నిండాయన్నావు, కాన్పు అయిందా? తల్లీ బిడ్డా కులాసాయేనా? ఆ కొండల్లో ఫోను అందదు సరే, ఆసుపత్రి అయినా ఉందా లేదా?

ఇక్కడ కోడలు ప్రేమలత ఆరోగ్యంగానే ఉంది. నేను బీపీ మాత్ర పొద్దున ఒకటి వేసుకుంటున్నాను. అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను గాని, నాయనా, మూడు వారాల నుంచి నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది. ఎవరి మీద అని అడక్కు. అందరి మీదా.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మాత్రల సంగతి పైనే రాశాను. ప్రేమలతను పర్మనెంటు చేశారా అని అడిగావు. అది తర్వాత చెబుతాను, వరసలో రానీ. ఇక పంపు కొన్నారా అని అడిగావు. కొన్నాం. ఒకటి కాదు.

అసలు ఆ కంపెనీ వాళ్ల న్యాయం చూడు. నాలుగేళ్లుగా కాంట్రాక్టు కింద మాత్రలు ప్యాకింగు చేస్తున్న పిల్ల. మూడు నెలలు హాజరు చూస్తారట, నవంబరు పదిహేను నుంచి ఫిబ్రవరి పద్నాలుగు దాకా. పొద్దున ఎనిమిదిన్నరకు గేటు దగ్గర మిషను మీద వేలు పెట్టాలి. ఆ మూడు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే పర్మనెంటు జాబితాలోంచి పేరు కొట్టేస్తారట! నాలుగేళ్ల కష్టం ఒక పక్క, మూడు పూటల ఆలస్యం ఒక పక్క. ఏ తక్కెడ అయ్యా ఇది? మన ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు. లోపలి దారిలో పొద్దున పూట ఆటో ఒక్కటి కనపడదు. సైకిలే దిక్కు. జనవరిలో రెండుసార్లు టైరులో గాలి లేక, నడిపించుకుంటూ పోయి, రెండు ఆలస్యాలు వేయించుకుంది. ఇంకొక్కటి పడితే అంతే. గాలి కొట్టే ఖయ్యూమేమో దుకాణం తొమ్మిదింటికి గాని తెరవడు.

ఇదంతా తెలిసి నువ్వు పంపు గురించి పేజీన్నర రాశావు. చేత్తో కొట్టే చిన్నది వద్దు, కాలితో తొక్కేది వద్దు, నేలమీద నిలబెట్టి రెండు చేతులా కొట్టేదే కొనమన్నావు. అడుగు ఇనుముతో వెడల్పుగా ఉండి, రెండు పాదాలతో తొక్కిపట్టేలా ఉండాలన్నావు. గొట్టం పొడుగ్గా ఉండాలన్నావు. గాలి ఎంత ఎక్కిందో చూపించే ముల్లు ఉండాలన్నావు. మన సైకిలుకు ఉన్నది స్కూటరు రకం వాల్వు గనుక మూతి దానికి పట్టేదే చూడమని కింద గీత కూడా గీశావు. పెళ్లిసంబంధానికి కూడా ఇన్ని షరతులు పెట్టలేదు నువ్వు.

నేనే వెళ్లాను. చౌరస్తాలో రేకుల కింద ఖయ్యూం ఏదో తోపుడుబండి చక్రం విప్పి ముందేసుకుని కూర్చున్నాడు.

"రాండ్రి అమ్మా, ఏం గావాలె? మేడమ్ సైకిల్‌కేనా?"

"మేడమేమిటయ్యా? నీ దగ్గర గాలి కొట్టించుకునే ప్రేమలతేగా."

"పర్మనెంట్ అయితున్నది గదమ్మా. ఇప్పటిసంది నోటికి అలవాటు చేసుకుంటున్న."

అతనికి అన్నీ వేళాకోళాలే. పంపు కావాలంటే గోడ వైపు చెయ్యి చూపించాడు. "నా చేతులకు గ్రీజున్నది, మీరే సూసి తీస్కోండ్రి. పట్టకుంటె మార్చిస్త, పరేషాన్ గాకుండ్రి." నేను ఒక సన్నపాటి నీలం రంగు పంపు తెచ్చాను. దాని మూతి పాతకాలపు వాల్వులకే పడుతుంది. మన సైకిలుకు తగిలిస్తే గాలి అంతా నా చీర కుచ్చిళ్లలోకి పోయింది. తిరిగి పట్టుకెళ్లి, ముసలిదాన్నని ఇలాంటివి అంటగడతావా అని నలుగురిలో అడిగాను. మీరే ఏరుకున్నారు కదా అని అతను అనలేదు. ఇంకోటి ఇచ్చాడు.

ఆ రెండోదానికి మూతి సరిపోయింది గాని అడుగు ప్లాస్టిక్కుది. దాని మీద నిలబడితే ఊగుతుంది. ముల్లు ఉంది గాని ఎంత కొట్టినా ఒకేచోట కూర్చుంటుంది. ఇలాంటి వస్తువులు ఎవరు తయారుచేస్తారు, ఎవరు సరేనని పెట్టెలో పెడతారు నాయనా? ఆ పెట్టె మీద బొమ్మలో ఒక దొరసాని ఒంటిచేత్తో నవ్వుతూ గాలి కొడుతున్నది! ప్రేమలత నూరుసార్లు కొట్టి, చెమటతో తడిసి, సగం గాలితో పోయేది. మర్నాడు పొద్దునకు టైరు మళ్లీ నేలకు అతుక్కునేది. వరసగా మూడు రోజులు ఇదే తంతు. మూడో రోజు ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి వేలు పెట్టిందట, రొప్పుతూ.

నేను ఆ పంపు చంకన పెట్టుకుని ఖయ్యూం మీదికి వెళ్లాను. దుకాణం ముందు కంపెనీలకు పోయే ఒడియా కుర్రాళ్లు, పాల ఆటో వాడు, ఎవరెవరో ఉన్నారు. అందరూ వినేలాగే అన్నాను. "దొంగ సరుకు అమ్ముతున్నావు. మా కోడలి ఉద్యోగం పోతే నువ్వు ఇస్తావా?"

"అమ్మా, జెర సబర్ చేయుండ్రి. పంపు పని గాలి ఎక్కించుడు. రాత్రంతా గాలికి కావలి కాసుడు దాని పని గాదు."

నవ్వారు అందరూ. నాకు కళ్లు తిరిగాయి కోపంతో. ఈ చౌరస్తాలో ఇంకెవరూ నీ దగ్గర గాలి కూడా కొట్టించుకోకుండా చేస్తానన్నాను. అన్నంత పనీ చేశాను కూడా. మన సందులో నాలుగిళ్ల వాళ్లకు చెప్పాను, రేషను దుకాణం వరుసలో చెప్పాను.

అయినా అతను ఆ సాయంత్రం వచ్చి, ఒక్క రాత్రి చూస్తానని సైకిలు తీసుకుపోయాడు. మర్నాడు ఏడింటికే తెచ్చాడు. టైరు రాయిలాగా ఉంది. ట్యూబు నీళ్లల్లో ముంచి చూశాడట, వాల్వు మూతి మీద ఉమ్మి రాసి చూశాడట, ఒక్క బుడగ రాలేదట. సైకిలు వెనకాల ఒక పంపు కట్టుకొచ్చాడు. ఇనుముది, కొయ్య పిడి, రెండు పాదాలూ సుఖంగా పట్టే అడుగు, పొడుగాటి గొట్టం. నువ్వు రాసిన పంపు అచ్చంగా అదే, ఒక్క ముల్లు తప్ప.

"ఇది మా అబ్బాజాన్‌ది. అమ్మేటిది గాదు. మీ తాన ఉంచుకోండ్రి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మా, ఒక్క మాట. గాలి తీసే పోరగాండ్లు వాల్వు మూత యాడనో పారేసి ఉరుకుతరు. మీ సైకిల్‌కు గాలి పోయిన రోజు గూడ మూత మంచిగ బిగించే ఉంటున్నదట, మేడమ్ చెప్పింది. గిట్ల సాఫ్ పని పోరగాండ్లు చేయరు."

"అంటే ఏమిటయ్యా నీ ఉద్దేశం?"

"ఏం లేదమ్మా. ఛాయ్ తాపిస్తరా?"

అంతలో ప్రేమలత జడ వేసుకుంటూ బయటికి వచ్చింది. ఇతను ఏమన్నాడో తెలుసా? "తప్పు నాదే మేడమ్. పాత ట్యూబు ఏసిన. మార్చిన, ఇగ ఫికర్ లేదు." నేను నలుగురిలో తిట్టిన మనిషి నా ఎదురుగా నిలబడి, చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటాడా! అతణ్ణి ఎవరు అడిగారు ఈ ఉపకారం? నేను ఛాయ్ ఇవ్వలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

నాయనా, ఇక్కడిదాకా రాసి లేచి, మంచినీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను. నీకు ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. అయినా నా చేతితో నేనే రాయాలి. ఆ గాలి తీసింది నేను.

పాలవాడు వచ్చే వేళకు లేచి, తలలోని పిన్నుతో వాల్వు లోపలి పుల్లను నొక్కి పట్టుకునేదాన్ని. మీ నాన్న ముప్ఫై ఒక్క ఏళ్లు ప్లాంటులో కంప్రెసరు హౌసులో పనిచేశారు, గాలి ఎలా ఎక్కుతుందో ఎలా పోతుందో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. గాలి పోయాక మూత తిరిగి బిగించేదాన్ని. విప్పిన మూత పెట్టకుండా వదలడం నాకు చేతకాదు, అది నీకూ తెలుసు. నువ్వు పంపు కొనమని రాసేసరికి నా గుండెలో రాయి పడింది. మంచి పంపు ఇంటికొస్తే ఐదు నిమిషాల్లో గాలి కొట్టుకుని పోతుంది కదా! అందుకని నువ్వు వద్దని రాసిన గుణాలన్నీ ఉన్న పంపునే ఏరాను. మూతి పట్టదని దుకాణంలోనే తెలుసు నాకు. రెండోది ఇచ్చినప్పుడు వద్దనకుండా తీసుకున్నది కూడా దాని అడుగు బొటనవేలితో నొక్కి చూశాకనే.

ఎందుకు చేశావని అరుస్తావు. అరుచుకో. డిసెంబరులో ఒక మధ్యాహ్నం జిన్నారం వైపు ఏదో కంపెనీలో మందులు కాచే రియాక్టరు పేలింది. మన ఇంటి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అటువైపు ఆకాశం పసుపచ్చగా అయింది. ఏ కంపెనీయో ఎవరికీ తెలియదు. ప్రేమలతకు ఫోను చేస్తే మోగుతుంది, తియ్యదు. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరని నాకు తెలుసు, అయినా చేశాను. గంటన్నర చేశాను. ఆమె పనిచేసే చోటు కాదని, ఇద్దరికి చేతులు కాలాయని, ప్రాణాలకు ఏమీ కాలేదని సాయంత్రానికి తెలిసింది. ప్రేమలత మామూలుగా వచ్చి, కాళ్లు కడుక్కుని, చిక్కుడుకాయలు తరిగింది. నేను ఆ గంటన్నర గురించి ఆమెకు చెప్పలేదు. నీకూ రాయలేదు. ఆ రోజు నుంచి ఆమె గేటు దాటితే చాలు, ఆ అద్దాల చప్పుడు నా చెవిలో మొదలవుతుంది. పర్మనెంటు అంటే ముప్ఫై ఏళ్లు అక్కడే అన్నమాట. జాబితాలో పేరు పోతే విసిగి ఇంట్లో కూర్చుంటుంది, ఏదో కుట్టుమిషను కొనిద్దాం అనుకున్నాను. ఇది నా బుద్ధి.

ఖయ్యూం ఆ మాట అన్నప్పటి నుంచి మానేశాను. ఒట్టు. పన్నెండు రోజులు ఆ సైకిలును ముట్టుకోలేదు.

ఇక పోయిన శనివారం. పద్నాలుగో తేదీ. లెక్కలో చివరి రోజు. ప్రేమలత ఏడున్నరకు సైకిలు బయటికి తీసింది. వెనక టైరు చప్పగా ఉంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆమె టైరును చూసింది, నన్ను చూసింది. అరవలేదు. రెండు చేతులూ జోడించింది నాయనా.

"అత్తమ్మా, ఇయ్యాల ఒక్కరోజు వద్దు. మీ కాళ్లు మొక్కుత. రేపటిసంది ఏమన్న చేయుండ్రి, ఇయ్యాల వద్దు."

అంటే ఆమెకు మొదటి నుంచీ తెలుసు! నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇన్నిసార్లు నేను చేసినప్పుడు ఒక్కమాట అనకుండా, చెయ్యని రోజున పట్టుకుంటుందా!

"ఇవాళ నేను కాదు!" అని అరిచాను. "అన్నిసార్లూ నేనే తీశాను, ఇవాళ మాత్రం నేను కాదు! నీ మొగుడి మీద ఒట్టు!"

సందులో వాళ్లందరూ విన్నారు. ఎదురింటి బీరమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ప్రేమలత లోపలికి పోయి, మళ్లీ వచ్చింది. చేతిలో అన్నం డబ్బా. "నిజమే," అంది. "ఇయ్యాల డబ్బా కట్టిన్రు. గాలి తీసిన రోజు మీరు డబ్బా కట్టకపోతుండె."

ఆ సంగతి నాకే తెలియదు నాయనా. ఎలాగూ ఆలస్యమై విసుగుతో తిరిగి వస్తుంది కదా అని నా చేతులు వాటంతట అవే మానేశాయేమో. ఉద్యోగం మాన్పించాలనుకున్నానే గాని, పిల్ల ఆ రోజుల్లో ఏం తిన్నదో ఆలోచించలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. దాని వెంటనే మళ్లీ కోపం. తెలిసీ ఊరుకున్నదే, ఎంత గట్టి పిండం!

చక్రం తిప్పి చూస్తే ఏదో కంపెనీ లారీలోంచి పడ్డ ఇనుప ముక్క గుచ్చుకుని ఉంది. పీకితే గాలి అసలు నిలవదు, అలాగే ఉంచాం. సన్నగా పోతున్నది. పక్కవాళ్ల బండి అప్పటికే వెళ్లిపోయింది. ఖయ్యూం ఇచ్చిన వాళ్ల నాన్న పంపు తెచ్చి, దాని అడుగు మీద రెండు పాదాలూ పెట్టి నేనే కొట్టాను. ఆమె వద్దంటున్నా ఇవ్వలేదు. నలభైసార్లు కొట్టాను. బీపీ గురించి రాయకు, ఏమీ కాలేదు. ఆ పంపునే నా పాత చీర చింపి క్యారియరుకు అడ్డంగా కట్టాం. "ఎక్కడ మెత్తబడితే అక్కడ దిగి కొట్టుకో, పో" అన్నాను. పోయింది.

ఆ తర్వాత నేను గుమ్మంలో కూర్చుని ఏం చేశానో తెలుసా? ఆ గాలి పోకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఏ మొహంతో పెట్టుకున్నానని మాత్రం అడక్కు.

దారిలో రెండుసార్లు దిగి కొట్టిందట. ఎనిమిదీ ఇరవై ఏడుకు గేటు దగ్గరికి చేరితే, సెక్యూరిటీ యాదన్న కర్ర అడ్డం పెట్టాడట. "గిదేంది? లోపలికి సిలిండర్లు రావద్దు." అది పంపు అంటే నమ్మడు. "డ్యూటీకి ఎవరన్న పంపు కట్టుకొని వస్తరా?" అని విప్పించబోయాడట! ఆ మనిషిని నేను చూడాలి. పేలిపోయేవన్నీ లోపల పెట్టుకుని, గేటు దగ్గర సైకిలు పంపును ఆపుతాడా! ప్రేమలత సైకిలూ పంపూ అతని మీదికే వాల్చేసి పరుగెత్తి వేలు పెట్టిందట. ఎనిమిదీ ఇరవై తొమ్మిది.

సోమవారం జాబితా గోడకు అంటించారు. ప్రేమలత పేరు ఉంది. మార్చి ఒకటి నుంచి పర్మనెంటు. ఇదే నువ్వు అడిగిన మూడో సంగతి.

ఆ శనివారం సాయంత్రం నేను అన్నం ముందు కూర్చోలేదు. ఆమే వచ్చి పక్కన కూర్చుంది. ఆ గంటన్నర ఫోను సంగతి అప్పుడు చెప్పాను. ఆమె నా చేతి గాజులు తిప్పుతూ ఇలా అంది.

"నాకు భయం లేదనుకున్నరా అత్తమ్మా? మా ప్యాకింగ్ రూమ్‌కు ఎనక ఒక తలుపున్నది, ఏమన్న అయితె ఉరకనీకి. దాని ముంగట డ్రమ్ములు పెట్టిన్రు. నాలుగేండ్లసంది సూస్తున్న. కాంట్రాక్టోళ్లం నోరు తెరిస్తె రేపటిసంది రావద్దంటరు. పర్మనెంటైతె గట్ల అననీకి రాదు. మొదటి రోజే అడుగుత. గందుకే నాకు గంత ఆరాటం."

విన్నావా! నేను ఆ పిల్లను కాపాడుతున్నాననుకుని, ఆ తలుపుకు అడ్డంగా ఇంకో డ్రమ్ము పెట్టాను. నాలుగేళ్ల నుంచి ఆ తలుపు మూసి ఉంచిన వాళ్ల మీద ఎంత మండిందో, నా మీద నాకు అంత మండింది.

"తెలిసి నన్నెందుకు అడగలేదే?" అన్నాను.

"అడిగితె మీరు భయం చెప్పుకోరు, లడాయి పెట్టుకుంటరు. అమ్మతోని లడాయి ఎట్ల గెలుస్త?"

అమ్మ అంది నాయనా. అత్తమ్మ అనలేదు. నాకు వయసైనా చెవులు బాగానే వినిపిస్తాయి.

ఆదివారం పొద్దున్నే ఖయ్యూం దగ్గరికి వెళ్లాను. వరుసలో ఉన్నవాళ్లందరూ వినేలాగే చెప్పాను, పంపు తప్పు కాదు, నాదే తప్పు అని. అతను గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "జర మెల్లగ అమ్మా, ట్రాఫిక్ జామైతది," అన్నాడు. మళ్లీ వేళాకోళమే! పంపు తిరిగి ఇస్తే తీసుకోలేదు. రేషను దుకాణం వరుసలో కూడా చెప్పి వచ్చాను. బీరమ్మకు చెప్పనక్కర్లేకపోయింది.

నువ్వు నా మీద కోపగించుకుంటే కోపగించుకో, పడతాను. కానీ ప్రేమలతకు ఒక మంచి ఉత్తరం విడిగా రాయి. నాకు రాసేదాంట్లో చివర రెండు ముక్కలు కాదు.

ఇంకొకటి. మార్చిలో సేఫ్టీ వారం అని ఆ కంపెనీ వాళ్లు పనివాళ్ల ఇళ్లవాళ్లను లోపలికి రానిచ్చి చూపిస్తారట. ప్రేమలత నా పేరు రాయించింది, మీ అత్తగారా అని అడిగితే అవునందట. ప్యాకింగు గది చూస్తాను. ఆ వెనక తలుపు దగ్గరికి తీసుకువెళ్లమంటాను. డ్రమ్ములు ఇంకా ఉంటే అవి తీసేదాకా అక్కడే కూర్చుంటాను, యాదన్న కర్ర తెచ్చుకున్నా సరే. మార్చి ఎనిమిదో తేదీ, ఆదివారం, పొద్దున పదింటికి రమ్మన్నారు.

ఇట్లు,
ఆ రోజు తొమ్మిదింటికే గేటు దగ్గర ఉండబోయే
మీ అమ్మ,
నాగరత్నం.